నిశ్చయము లేని రక్షణ

గడ్డపోతారము ప్రాంతమున రక్షణ యను మాటకు రెండర్థములు కలవు. మందుల కర్మాగారముల ద్వారములకడ చెప్పెడి రక్షణ యొకటి. తలకు టోపి పెట్టుకొనుము, ముక్కునకు ముసుగు కట్టుకొనుము, అగ్గిపెట్టె లోనికి తేవలదు అని దాని నియమములు. వానిని పాటించిన నేమి మేలు కలుగునో, పాటింపకున్న నేమి కీడు మూడునో చూచి చెప్పవచ్చును. రెండవది ఆదివారమునాడు ప్రార్థన మందిరములలో వినవచ్చెడి రక్షణ. దాని నెట్లు పొందవలెనో, పొందితిమని యెట్లు తెలియునో, ఒకసారి పొందినది మరల పోవునో పోదో, ఇన్ని శతాబ్దములుగా ఆ మతపు పండితులే తేల్చుకొనలేదు. తేలని ఆ సంగతిమీదనే మనుష్యుని యనంతమైన సుఖమో యనంతమైన దుఃఖమో ఆధారపడి యున్నదని మాత్రము వారిలో పెక్కుమంది తడబాటు లేక చెప్పుదురు.

మేము నాస్తికులము. అయినను దేవుడు లేడను మా మతమును ఈ వ్యాసమున స్థాపింప బూనుకొనలేదు. దేవు డున్నాడనియు, క్రీస్తు రక్షకుడనియు వాదముకొఱకు ఒప్పుకొని, ఆ యింటి గడపదాటి లోనికి పోయి, ఆ యింటివారి మాటలతోనే యొక ప్రశ్న వేయుదుము. నీవు రక్షింపబడితివని నీ కెట్లు తెలియును?

ఇది చదివి హిందువులైన మా చదువరులు ముసిముసి నవ్వులు నవ్వనక్కఱలేదు. ఈ జగడము వారి యింటను కలదు. కోతిపిల్ల తల్లిపొట్టను తానే గట్టిగా పట్టుకొనవలెను. పిల్లికూనను తల్లియే నోట గఱచుకొని పోవును. జీవుడు కోతిపిల్ల వంటివాడా, పిల్లికూన వంటివాడా యని వడగలైవారును తెంగలైవారును తరతరములుగా వాదించుకొని, తుదకు నామమునకు పాదముండవలెనా లేదా యని న్యాయస్థానముల కెక్కిరి. కృప ముందా, ప్రయత్నము ముందా యను చిక్కు క్రైస్తవుల సొత్తు కాదు. మఱియు నొకమాట. మాలమాదిగలు మిషనువారి గుమ్మము త్రొక్కుటకు కారణము వేదాంతము గాక, మన గుమ్మములు మూసియుండుటయే. మెదకు జిల్లాలో వెస్లియను మిషనువారు బడులు పెట్టిరి, వైద్యశాలలు పెట్టిరి. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర పూనికతో కట్టిన మెదకు మహాదేవాలయము 1924 డిసెంబరు 25న తెఱవబడినది. కఱవుకాలమున ఆ కట్టడపు పని యెందఱికో కూడు పెట్టినదని యా ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. గడ్డపోతారమును 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా యేర్పడువఱకు ఆ మెదకు జిల్లాలోనిదే. ఆ యుపకారమును తక్కువచేసి మాటలాడువాడు మా పక్షమువాడు కాడు. అన్నము పెట్టిన చేతికి నమస్కరింతుము. ఆ చేయి పెట్టిన భయమును మాత్రము పరీక్షింతుము.

ఈ దేవాలయమును కట్టిన వెస్లియనులు జాన్ వెస్లీ శిష్యులు. ముక్తి యందఱికిని తెఱచియున్నదనియు, మనుష్యుడు దానిని స్వీకరింపవచ్చు త్రోసివేయవచ్చుననియు, పొందినవాడును జాఱిపోవచ్చుననియు వారి బోధ. కాల్విను శిష్యుల బోధ దీనికి నేరుగా విరుద్ధము. ఎవడు రక్షింపబడునో ఎవడు నశించునో లోకము పుట్టకముందే దేవుడు నిర్ణయించెననియు, ఎన్నుకొనబడినవాడు తుదకు పడిపోడనియు 1618-19 సంవత్సరములలో డోర్టు నగరమున కూడిన సభ తీర్మానించినది. 1739లో వెస్లీ ఈ ముందునిర్ణయ సిద్ధాంతమును తీవ్రముగా ఖండించి, తన ప్రియమిత్రుడైన జార్జి విట్‌ఫీల్డుతో చెడెను. ఇక మన దేశమున జరిగినదేమి? 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికనులును, మెథడిస్టులును, కాల్విను పరంపరకు చెందిన ప్రెస్బిటీరియనులు మొదలగువారును ఏకమై దక్షిణ భారత సంఘముగా నేర్పడిరి. ఐకమత్యము మంచిదే. కాని జాఱిపోవచ్చునన్నవారును, జాఱిపోడన్నవారును ఒకే పీటమీద కూర్చున్నంతమాత్రమున ప్రశ్న తీరలేదు. మూటగట్టి అటుకమీద పెట్టబడినది. అది చిన్న ప్రశ్నయైనచో అటుకమీద నుండవచ్చును. అనంతకాలము కాలుదువా కాలవా యను ప్రశ్న అటుకమీద పెట్టదగినదా?

ఇది పెద్ద సంఘముల మాట. పటాన్‌చెరు మొదలు బొల్లారము, కాజీపల్లి, గడ్డపోతారముల వఱకు అద్దెగదులలోను, ఇనుపఱేకుల పందిళ్లలోను నడచెడి స్వతంత్ర సంఘములకు లెక్కలేదు. నీట ముంచిననే బాప్తిస్మము, చిలకరించినది చెల్లదని యొకరందురు. అన్యభాషలలో మాటలాడనివానికి పరిశుద్ధాత్మ రాలేదని మఱియొకరందురు. ఒకసారి మారుమనస్సు పొందిన చాలునని యొక వీధి. నిన్న పొందిన రక్షణ నేటి పాపముతో పోవునని ప్రక్కవీధి. రాత్రివంతు ముగించుకొని వచ్చిన కూలివాడు ఏ వీధికి పోవలెను?

ఇక మూలమునకు వత్తము. రక్షణ కృపవలన గలుగును, విశ్వాసమువలన దానిని పొందవలెను. ప్రొటెస్టంటు బోధ కిదియే సారము. మంచిది. నాకు విశ్వాసము కలదా? కలదని తోచుచున్నది. తోచుట చాలునా? చాలదు. ప్రభువా ప్రభువా యని పిలుచువారందఱును లోపలికి రారని మత్తయి సువార్త యేడవ యధ్యాయమున క్రీస్తే చెప్పినట్లున్నది. అచ్చట వెడలగొట్టబడినవారు మావంటి నాస్తికులు కారు. ఆయన పేర నద్భుతములు చేసితిమని నమ్మియున్న భక్తులు. కావున నాకు విశ్వాసము కలదను నమ్మకమే తప్పు కావచ్చును. నిజమైన విశ్వాసమునకు గుర్తేమి? సత్క్రియలని యాకోబు పత్రిక చెప్పును. ఎన్ని? ఎంతకాలము? క్రియలవలన గాదని పౌలు రోమీయులకు వ్రాసెను గదా? కులగోత్రములు తెలియని కంసాలివద్ద గురిగింజయెత్తు బంగారము కొనునప్పు డైనను ఒరగల్లుమీద గీసి చూచుకొందుము. ఆత్మను గీసిచూచుకొను ఒరగల్లు వీరి దుకాణమున లేదు.

లూథరు దీనికొక సమాధానము చెప్పెను. ప్రతివాదుల సమాధానములలో బలమైన దదియే గాన దానిని దాటిపోము. నీ హృదయములోనికి చూచుకొనకుము, అచ్చట నీకు సందేహమే కనబడును. నీకు వెలుపల నున్న దేవుని వాగ్దానమును చూడుము, వాగ్దానము నీ మనఃస్థితినిబట్టి మాఱదు అని ఆయన భావము. బాధతో నున్న మనస్సునకు ఈ మాట నిజముగా చల్లనిది. కాని వాగ్దానము ఎవరికి? నమ్మువానికి. తన యీడేర్పునకు షరతు గల వాగ్దానమును చూచువాడు, ఆ షరతు తనయందు నెఱవేఱినదో లేదో చూచుకొనక మానలేడు. వెలుపలికి చూడుమని గెంటినవాడే, చూచుచున్నది నిజమైన చూపేనా యని మరల లోపలికి పంపుచున్నాడు.

కాల్విను మఱింత ముందునకు పోయెను. నశింపనున్నవారికిని దేవుడు కొంతకాలము ఎన్నుకొనబడినవారి యనుభవమువంటి యనుభవమునే కలిగించుననియు, వారు తమ్ము మోసపుచ్చుకొందురనియు తన మహాగ్రంథమున వ్రాసెను. ఆ దైవనిర్ణయము భయంకరమైనదని తానే యొప్పుకొనెను. అట్లయిన ఆదివారము సభలో కన్నీరు కార్చి, చేతులెత్తి, సాక్ష్యము చెప్పినవానికి కలిగిన యానందము రక్షణకు గుర్తో, నాశమునకు ముందు కలిగెడి మెఱపో చెప్పగలవా డెవడు? రోమను సంఘము ఈ విషయమున కొంత ముక్కుసూటిగా మాటలాడినది. ప్రత్యేకమైన దైవదర్శనము లేక, తాను తుదివఱకు నిలుతునని సంపూర్ణ నిశ్చయము కలదనువాడు శాపగ్రస్తుడని 1547లో ట్రెంటు మహాసభ శాసించినది. అనగా ఒక సంఘమున నిశ్చయము లేనివాడు అవిశ్వాసి. మఱియొక సంఘమున నిశ్చయము కలవాడు శాపగ్రస్తుడు.

సిద్ధాంతముల నటుంచి మనుష్యులను చూతము. వెస్లీ 1738 మే 24న లండనులో నొక కూటమున కూర్చుండగా తన హృదయము వెచ్చనైనట్లు తోచెననియు, పాపక్షమాపణ నిశ్చయము కలిగెననియు దినచర్యలో వ్రాసికొనెను. మెథడిస్టు మతమున కది పుట్టినదినము వంటిది. అదే వెస్లీ ఇరువదియెనిమిది సంవత్సరముల పిమ్మట, 1766లో, తమ్ముడు చార్లెసునకు వ్రాసిన లేఖలో తాను దేవుని ప్రేమింపలేదనియు, ఎన్నడును ప్రేమించి యుండలేదనియు వాపోయెను. కొన్ని మాటలు ఇతరులకు తెలియకుండ సంకేతలిపిలో వ్రాసెను. వేలమందికి నిశ్చయమును పంచిపెట్టినవాని పెట్టె అప్పుడప్పు డిట్లు ఖాళీగా నుండెడిది. మేము దీనిని ఎగతాళికి చెప్పుట లేదు. ఆయన నిజాయితీపరుడు గనుకనే వ్రాసెను. ఆంగ్లకవి విలియం కౌపర్ గతి యింకను దయనీయము. జాన్ న్యూటనుతో కలిసి భక్తులు నేటికిని పాడుకొను కీర్తనలను రచించిన ఆ కోమలుడు, 1773 మొదలు దేవుడు తన్ను త్యజించెనని నమ్మి, 1800లో మరణించువఱకు ఆ నమ్మకమునుండి బయటపడలేకపోయెను. ఆయనకు వెఱ్ఱి యుండెనందురు. ఉండవచ్చును. అయితే ఆ వెఱ్ఱికి మాటలిచ్చిన నిఘంటు వెవరిది?

జాన్ బన్యను వ్రాసిన యాత్రికుని కథ మన తెలుగు క్రైస్తవ కుటుంబములకు కొత్తది కాదు. కథానాయకుడు నదిని దాటి నగరము చేరుట యందఱును చెప్పుకొందురు. ఆ భాగము చివర నున్నది చెప్పుకొనరు. అజ్ఞాని యనువాడొకడు అంతదూరమును నడచి, నదిని దాటి, పరలోకద్వారము తట్టును. చేత ధ్రువపత్రము లేదని వానిని కాలుచేతులు కట్టి, కొండప్రక్కనున్న ద్వారమున నరకమునకు త్రోయుదురు. ద్వారముకడకు వచ్చువఱకు వాడు ధైర్యముగానే యుండెను. 1678లో అచ్చయిన ఈ కథను పిల్లలకు నిద్రబుచ్చుటకు చదువుచున్నారు!

మన నేల మీది చరిత్ర యొకటి కలదు. 1876-78 నాటి మహాక్షామమున ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాము కాలువలో కొంతభాగము త్రవ్వించు గుత్త పుచ్చుకొని, ఆకలితో నున్న మాదిగలకు పని కల్పించెను. కూటికొఱకు మతము మాఱిరన్న నింద రాకుండుటకై సంవత్సరమునకు పైగా ఎవ్వరికిని బాప్తిస్మ మియ్యలేదు. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ నీటిలో ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. ఆ సంఖ్యను మిషను చరిత్రకారులు గర్వముతో చెప్పుదురు. క్లఫ్ చేసినది న్యాయమని మేమును ఒప్పుకొందుము. కాని బాప్తిస్మము కోరి, ఎదురుచూచుచు, ఆ నడుమ కఱవు వాతబడినవారి గతి యేమి? బాప్తిస్మము గుర్తేగాని కారణము కాదు, విశ్వాసమున్న చాలునని బాప్టిస్టులందురు. సరియే. వారి పొరుగున గుంటూరు మండలమున 1842 నుండి పనిచేసిన లూథరనులకు అది వట్టి గుర్తు కాదు, కృప ప్రవహించు సాధనము. కావుననే వారు చంటిపిల్లలకును ఇత్తురు. ఒకే క్షామమున ఒకే ఆకలితో చచ్చిన యిద్దఱి పరలోకగతి, వారి పల్లె ఏ మిషనువారి వంతునకు వచ్చినదను దానినిబట్టి మాఱునా?

పసిపిల్లల మాట వచ్చినది గనుక చెప్పుదుము. బాప్తిస్మము లేక చనిపోయిన శిశువు నరకమున స్వల్పశిక్ష ననుభవించునని అగస్టీను తీర్మానించెను. తరువాతివారు మనసొప్పక, బాధయు దైవదర్శనానందమును లేని లింబో యను నొక నడిమి చోటును కల్పించిరి. 2007లో వాటికనువారి వేదాంత పరిషత్తు, అట్టి శిశువులు రక్షింపబడుదురని ఆశించుటకు బలమైన ఆధారములు కలవనియు, నిశ్చయజ్ఞానము మాత్రము లేదనియు ఒక పత్రము ప్రకటించినది. అది పూర్వపు మాటలకంటె దయగలదే. పదునైదువందల సంవత్సరములు కన్నతల్లులు ఏడ్చిన పిమ్మట వచ్చిన దయ!

గడ్డపోతారమున మే మెఱిగిన ఒక యిల్లాలు కలదు. భర్త గుత్తేదారుక్రింద కూలి. ఆమె బాప్తిస్మము పొందినది. అతడు వచ్చు పండుగకు చూతమనుచు వాయిదా వేయుచు, మూడుదినముల జ్వరముతో పోయెను. అతడెక్కడ నున్నాడని ఆమె తన పాస్టరు నడిగినది. ఆయన మంచివాడే, కఠినమైన మాట చెప్ప నోరాడక, దేవునికే తెలియునమ్మా యనెను. ఆమె మాతో నన్నది: "సారూ, నేను పరలోకం పోతే అక్కడ మా ఆయన ఉండడట గదా. మరి నేను పోయి ఏం జెయ్యాలె?"

ఈ ప్రశ్నకు పండితులు చెప్పిన ప్రత్యుత్తరము మే మెఱుగుదుము. థామస్ అక్వైనాస్ పేరనున్న మహాగ్రంథమున, పరలోకవాసులు నరకవాసుల బాధను చూతురనియు, దానివలన తమ భాగ్యమును మఱింత యెఱిగి యానందింతురనియు కలదు. ఆ యిల్లాలికి మేమా సంగతి చెప్పలేదు.

ఇంకొక చిక్కు మన దేశమునకే ప్రత్యేకము. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులపు హోదా హిందువులకు మాత్రమే యుండెను; 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరించినది; క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రములలో క్రైస్తవులైన ఎస్సీలను వెనుకబడిన తరగతులలో సి వర్గమున చేర్చిరి. వారి వాటా నూటికి ఒకటి. అందుచేత బిడ్డ చదువునకో ఉద్యోగమునకో కాగితముమీద హిందువని వ్రాయించుకొని, ఆదివారము మందిరమునకు పోవు కుటుంబములు ఎన్నియో కలవు. మతము మాఱినంతమాత్రమున ఊరివారు వెలివాడను మఱచిపోరు గనుక వారు చేయునది నేరమని మేమనము. అయితే మనుష్యుల యెదుట నన్ను ఎఱుగననువానిని నేనును తండ్రి యెదుట ఎఱుగనందునను బోధ మత్తయి పదవ యధ్యాయమున నున్నది. ఆ మాట విన్న తల్లి, బిడ్డ ధ్రువపత్రమును పెట్టెలో దాచునప్పుడు చేయి వణకదా? ప్రభుత్వ మొకవైపున, వేద మొకవైపున ఆమెను లాగుచున్నవి. ఆ యుత్తరువును మార్చుడని పోరాడు సంఘముల నాయకులు, ఆ భయమును గూర్చి ఒక్కమాటయైన చెప్పిన బాగుండును.

అనిశ్చయము వినయమునకు తల్లి, అది యాత్మకు మేలని కొందఱు పెద్దలందురు. తెలియని దానిని తెలియదనుట వినయము. తెలియని దానిని చూపి బెదరించుట వినయ మెట్లగును? భయము లేకున్న లోకము చెడునని మఱికొందఱు. 1940లో కృష్ణామండలమున ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరాగారును, వారి కుటుంబమును ఏ నరకభయముచేత సహపంక్తి భోజనములు పెట్టిరి? వారి కుమార్తెను దళిత యువకునికిచ్చి 1948లో సేవాగ్రామమున వివాహము చేయునప్పుడు ఏ పరలోకమున జీతము నాశించిరి? నమ్మిన పోయెడిదేమి, నిజమైన లాభము, అబద్ధమైన నష్టము లేదు అని పాస్కలు పండితుని జూదము నింకను కొందఱు మా ముందు పఱతురు. ఏ బల్లమీద పందెము వేయవలెనో ముందు చెప్పవలెను. బల్లలు వంద కలవు, ఒకదానిపై గెలుపు మఱియొకదానిపై ఓటమి. నష్టము లేదనుటయు నిజము కాదు. కూలిడబ్బులో దశమభాగము నష్టము కాదా? ఆ యిల్లాలి నిద్ర నష్టము కాదా?

మీకు మాత్రము నిశ్చయమేమి కలదని వారు మమ్ము తిరిగి యడుగవచ్చును. మాకును తెలియనివి కొల్లలు. కాని తెలియకపోవుటకు శిక్ష వేయువాడు మా లోకమున లేడు, తెలిసికొనుటకు మార్గములు కలవు. ఈ ప్రాంతపు కర్మాగారములలో మందు తయారైనపుడు అది మందో కాదో కార్మికుని హృదయమును వెచ్చగా నున్నదా యని యడిగి తేల్చరు, పరీక్షాశాలకు పంపుదురు. చెఱువునీరు చెడినదా లేదా యని సందేహము వచ్చినప్పుడు 1990లో ఈ ప్రాంతపు కాలుష్యమును గూర్చి సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ కలదని కొలిచి చూపిరి. అందలి ప్రతి యంకెను మరల కొలిచి కాదనుటకు ఎవనికైనను అధికారము కలదు. 2025 జూన్ 30న పాశమైలారమున మందుల కర్మాగారము ప్రేలి నలువదిమందికి పైగా మరణించినపుడు, ఏ దేహము ఎవరిదో తెలియక కుటుంబములు దినముల తరబడి ఆసుపత్రిముంగిట నిలిచిరి. రక్తపు బొట్టుతో జన్యుపరీక్షలు చేసి ఒక్కొక్క దేహమును ఒక్కొక్క యింటికి అప్పగించిరి. కొందఱి యానవాలు దొరకనే లేదు, దొరకలేదని చెప్పిరి. ఎంత ఘోరమైన దుఃఖమైనను, అందు అబద్ధపు నిశ్చయము లేదు.

పెద్దలు తమకు తోచినది నమ్ముకొందురుగాక, వారితో మాకు వాదమేగాని వైరము లేదు. మా ముఖ్యమైన మనవి పిల్లలను గూర్చినది. ప్రతి వేసవిలోను సెలవుల బైబిలు బడులు నడచును. పాటలు, ఆటలు, బిస్కత్తులు, కొత్త పుస్తకములు. పేదపిల్లలకు అంతకంటె సంతోష మేమున్నది? ఆ సంతోషము నడుమ ఎనిమిదేండ్ల పిల్లను నిలువబెట్టి, ఈ రాత్రి నీవు చనిపోయిన ఎక్కడికి పోదువని యడుగుట కొన్నిచోట్ల ఆచారముగా నున్నది. వెస్లీకి 1766లో తెలియని ప్రత్యుత్తరమును, ట్రెంటు సభ చెప్పరాదన్న ప్రత్యుత్తరమును, కౌపరు ప్రాణము తీసిన ప్రశ్నకు ప్రత్యుత్తరమును ఆ పిల్ల చెప్పవలెను. పాస్టరులారా, వచ్చు మే నెలలో పాటలు పాడింపుడు, కథలు చెప్పుడు, బిస్కత్తులు పంచుడు. ఆ ప్రశ్న మాత్రము మానుడు. మీరు మానకున్న, ఆ పిల్లల తల్లిదండ్రులు లేచి, ముందు మీరు చెప్పుడని మిమ్మే యడుగుదురుగాక.